గుమ్మడికాయ తీసుకెళ్ళినవాడు

జీవరాజు ముట్టుకోని టీ ఇది రెండోది. మొదటిది మీగడ కట్టి వంటింటి గట్టుమీద అలాగే ఉంది.

"చల్లారిపోతోందండీ," అంది సువార్త.

ఆయన పలకలేదు. కిటికీలోంచి మౌలాలి గుట్ట వైపు చూస్తూ కూర్చున్నాడు. రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన బ్రేకువ్యానులోంచి కేకవేస్తే ఇంజనులో డ్రైవరుకు వినబడేదని కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి గొంతు నిన్న సాయంత్రం నుంచి మూగనోము పట్టింది. పట్టేముందు కూతురితో అన్నది ఒక్క మాట.

"తీసెయ్."

గది మధ్యలో గోనెపట్టా మీద పెద్ద గుమ్మడికాయ కూర్చుని ఉంది. మోండా మార్కెట్లో ఏరి ఏరి తెచ్చింది. రేపు చర్చిలో కోత పండుగ. ఏటా వాళ్ళింటి కానుక గుమ్మడికాయే. ఆరాధన అయ్యాక కానుకలన్నిటినీ వేలం వేసేది, ఏటా ఈ పెద్దమనిషే. వేలంపాట నడిపే పాటగాడే ఇలా నోరు కట్టేసుకుంటే రేపు వేలం ఎవరు వెయ్యాలో ఆ గుమ్మడికాయకే తెలియాలి.

"డాడీ, తిట్టండి పోనీ," అంది దేవకృప. "తిట్టినా బాగుంటుంది."

జీవరాజు కండువా సర్దుకున్నాడు. అంతే.

ఆయన ముందు టీపాయ్ మీద, కృప తన ఆఫీసు వీడియో గేమ్ కోసం గీసిన బొమ్మ ఉంది. ఒక పెద్ద బండరాయి మీద నిలబడి, తలకు తువ్వాలు చుట్టుకుని, చెయ్యెత్తి కేకవేస్తున్న ముసలి పాటగాడు. మీసం జీవరాజుదే. చెయ్యెత్తే తీరూ జీవరాజుదే. మొన్నటిదాకా ఆ బొమ్మను వచ్చినవాళ్ళకల్లా చూపించి మురిసిపోయింది కూడా జీవరాజే.

కృప తల్లిని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"అమ్మా, అసలు నిన్న చర్చి కూడికలో ఏం చెప్పావు?"

"నీ ప్రాజెక్టు కోసం ప్రార్థన చెయ్యమన్నాను. తప్పా?"

"అంతవరకే అంటే బాగుండేది. కథంతా ఎందుకు చెప్పావు?"

"దేని గురించి ప్రార్థించాలో తెలియకుండా ఎలా ప్రార్థిస్తారే? దేవుడికి తెలుసు గానీ వాళ్ళకు తెలియదు కదా!"

స్త్రీల మైత్రి కూడికలో చెప్పిన మనవి పరలోకానికి ఎప్పుడు చేరుతుందో ఎవరికీ తెలియదు. మల్కాజిగిరికి మాత్రం ఆ సాయంత్రానికే చేరుతుంది. చేరేలోపు కొంచెం మారుతుంది కూడా. సువార్త చెప్పింది, తన కూతురు పనిచేసే తిరుమలగిరి కంపెనీలో వీడియో గేమ్ రెండో భాగం తయారవుతోందని, ఆ ఆటలో మన కోత పండుగ వేలం పెడుతోందని. రాత్రికి తిరిగి ఇల్లు చేరిన వార్త ఏమిటంటే, జీవరాజు కూతురు దేవుని మందిరంలో వేలాన్ని జూదంగా మార్చి దొరలకు అమ్ముతోందని.

"ఇంకేం జరిగిందక్కడ?"

"ఏమీ జరగలేదు. మేబెల్ గారు మాత్రం ఆమెన్ అనకుండానే లేచి వెళ్ళిపోయారు. ఆ సంగతి చెప్పాకే మీ డాడీ ఇలా అయిపోయారు."

మేబెల్ గారి భర్త దేవసహాయం చర్చి కమిటీ సెక్రటరీ. అదన్నమాట సంగతి, అనుకుంది కృప. కమిటీ ఈ ఏడు వేలం వెయ్యనివ్వదేమోనని డాడీ భయం. పాపం, ఏడాదంతా ఎదురుచూసేది ఆ ఒక్క పూట కోసమే కదా. ఆమెకు జాలీ వేసింది, కోపమూ వచ్చింది.

ఎందుకంటే తీసెయ్యమన్నది ఒక బొమ్మను కాదు. ఆటలో ఆమె కట్టిన సీమంతా ఆ పాటగాడి కేక మీదే నిలబడి ఉంది.

వాళ్ళ చర్చిలో వేలానికి ఒక ఆనవాయితీ ఉంది. పాట గెలిచినవాడు డబ్బు కడతాడు గానీ వస్తువును ఇంటికి తీసుకుపోడు. మళ్ళీ మందిరానికే ఇచ్చేస్తాడు. అప్పుడు జీవరాజు, "ఫలానా వారు తిరిగి ఇచ్చారూ!" అని పైకప్పు అదిరేలా పేరు పెట్టి కేకవేస్తాడు. అందరూ చప్పట్లు కొడతారు. అదే కాయ మళ్ళీ పాటకొస్తుంది. అలా ఒక్క గుమ్మడికాయ మధ్యాహ్నం దాకా చేతులు మారుతూనే ఉంటుంది.

మొదటి ఆట 'మంచుకోట'లో మంచు, కోటలు, డ్రాగన్లు. అందరికీ తెలిసిన సరుకే. రెండో భాగానికి కొత్త లోకం కావాలని, డబ్బు పెట్టే లండన్ కంపెనీ అన్నప్పుడు ఆఫీసులో అందరూ ఎడారి అన్నారు. కృప ఒక్కతే 'బండల సీమ' అంది. గుట్టల మీద ఊళ్ళు, ప్రతి గుట్ట మీదా ఒక పాటగాడు. అక్కడ కత్తికైనా దీపానికైనా సొంత బలం లేదు. గెలిచినవాడు తిరిగి ఇచ్చినప్పుడల్లా దానికి కొంత మహిమ వస్తుంది. ఎక్కువ చేతులు మారినదే గొప్ప ఆయుధం. ఒకరోజు ఎవడో ఒక రాక్షసుడు గుమ్మడికాయను గెలిచి, ఇవ్వకుండా ఎత్తుకుపోయాడు. ఆ రోజు నుంచి సీమంతా మూగపోయింది. వాడిని వెతికి చంపడమే ఆట.

సెల్‌ఫోను మోగింది. కృప బాసు రామ్మోహనరావు.

"ఏందమ్మా, శనివారం పూట తక్లీఫ్ ఇస్తున్ననా?"

"లేదు సార్, చెప్పండి."

"లండన్ వాళ్ళు మొత్తం చదివిన్రు. బండలు నచ్చినయ్, ఊర్లు నచ్చినయ్, పాటగాడైతే మస్తు నచ్చిండు. ఒక్కకాడ ఆగిపోయిన్రు. ఆటగాడు కష్టపడి పాట గెలుస్తడు. వస్తువు చేతికొస్తది. దాన్ని వాపస్ ఎందుకిస్తడు అంటున్రు."

"తిరిగి ఇస్తే దాని బలం పెరుగుతుంది కదా సార్."

"నేనూ అదే చెప్పిన. పెరిగేది వేరేటోని చేతిల కదా, వీనికేం ఫాయిదా అన్నరు. నా దగ్గర జవాబు లేకుండె. సాయంత్రం మీటింగున్నది. అంతలోపట నాకు ఫోన్ చెయ్యి. లేకుంటే ఎడారే ఫిక్స్ చేస్తరు. వాళ్ళు ఒంటెలు సుత గీసి పెట్టుకున్నరు."

కృప ఫోను పెట్టేసి గుమ్మడికాయ పక్కనే నేలమీద కూలబడింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న సంగతే. ఎందుకిస్తారు అని ఎవరూ అడగలేదు. అయినా ఇంట్లో డాడీయే తీసెయ్యమంటుంటే బయట జవాబు చెప్పి ఏం లాభం?

"డాడీ, మీరు నిజంగా వద్దంటే తీసేస్తాను. ఎడారి చేసుకోమంటాను. కానీ కారణం చెప్పండి. ఇది జూదమని మీరూ నమ్ముతున్నారా?"

జీవరాజు బొమ్మను టీపాయ్ మీద బోర్లించాడు.

గేటు చప్పుడైంది. కిటికీలోంచి చూసిన జీవరాజు గభాల్న లేచాడు. నిన్నటి నుంచి మూసుకున్న నోరు అప్పుడు తెరుచుకుంది.

"దేవసహాయం గారు! నేను ఇంట్లో లేనని చెప్పు!"

ఆయన గుసగుసగానే అన్నాననుకున్నాడు. ఆ గొంతుకు గుసగుస చేతనైతే కదా.

"ఉన్నరు కదా బ్రదర్, వినబడ్డది," అన్నాడు దేవసహాయం గడప దగ్గర చెప్పులు విప్పుతూ.

బయట జల్లు పడుతోంది. ఆయన తలమీద చేతిరుమాలు కప్పుకుని స్కూటరు మీద వచ్చాడు. చొక్కా భుజాలు తడిసిపోయాయి. సువార్త తువ్వాలు అందించింది.

"వందనాలండీ. ఇలా తడిసి రాకపోతే గొడుగు తెచ్చుకోకూడదా?"

"గొడుగు పట్టుడు ఎప్పుడో బంద్ చేసిన సిస్టర్."

జీవరాజు తల దించుకున్నాడు. కృప అది చూసింది, అర్థం కాలేదు.

దేవసహాయం కుర్చీ అంచున కూర్చున్నాడు. వచ్చినపని చెప్పడానికి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియనివాడిలా కాసేపు గుమ్మడికాయనే చూశాడు.

"కమిటీల ఇద్దరు ముగ్గురు పరేషాన్ అయితున్రు. దేవుని పనిని జూదం చేస్తున్రని..."

"జూదం కాదు అంకుల్," అంది కృప. "పిల్లలు కంప్యూటర్లో ఆడుకునే కథ. పందెం లేదు, ఏమీ లేదు. కావాలంటే చూపిస్తాను."

"చూపియ్యి బిడ్డా. చూద్దామనే వచ్చిన." ఆయన గొంతు తగ్గింది. "ఆ గుమ్మడికాయ ఎత్కపోయినోని బొమ్మ సుత ఉన్నదట కదా. మేబెల్ చెప్పింది. జెర అదే చూపియ్యి ముందు."

"కృపా, వద్దు," అన్నాడు జీవరాజు.

అప్పటికే కృప ల్యాప్‌టాప్ తెరిచింది. దాచుకోవాల్సిందేముందని? తెరమీద రాక్షసుడు నిలబడ్డాడు. తలమీద కొమ్ములు, ఎర్రటి కళ్ళు. ఒక చంకలో గుమ్మడికాయ. ఇంకో చంకలో మడిచిన నల్ల గొడుగు.

దేవసహాయం కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"గొడుగు మంచిగ గీసినవ్ బిడ్డా," అన్నాడు.

కృప తెర మీంచి చూపు తిప్పి డాడీని చూసింది. ఆ బొమ్మ ఆమె ఊహ కాదు. చిన్నప్పటి నుంచి భోజనాల దగ్గర డాడీ చెప్పిన కథ. గుమ్మడికాయ తీసుకెళ్ళినవాడి కథ. డాడీ ఒక చంకలో దిండు, ఇంకో చంకలో కర్ర పెట్టుకుని గదంతా బింకంగా నడిచి చూపించేవాడు. తను నవ్వీ నవ్వీ అన్నం పొలమారేది. ఆ మనిషికి ఒక పేరుంటుందని, ఆయన ప్రతి ఆదివారం తనను 'బాగున్నవా బిడ్డా' అని పలకరిస్తాడని ఆమెకు ఏనాడూ తట్టలేదు.

"డాడీ... ఈయనేనా?"

జీవరాజు అవునన్నట్టు తలూపాడు.

"నాకు తెలియదు అంకుల్," అంది కృప. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిజంగా తెలియదు. అది కథే అనుకున్నాను."

"నీకెట్ల ఎరుకైతది? నువ్వప్పుడు ఒళ్ళో పిల్లవు." దేవసహాయం తువ్వాలుతో ఇంకోసారి మొహం తుడుచుకున్నాడు. "నేను మెదక్ దిక్కు నుంచి ట్రాన్స్‌ఫర్ మీద అప్పుడే వచ్చిన. మా ఊరి చర్చిల పాట గెలిస్తే ఎవని వస్తువు వాడు ఇంటికి కొంటవోతడు. ఈడ గిట్ల వాపస్ ఇస్తరని నాకు చెప్పినోడు లేడు. గెలిచిన. కాయను చంకల పెట్టుకున్న, గొడుగు పట్టుకున్న, బయటికి నడిచిన. అందరు సప్పుడు చెయ్యక నన్నే చూస్తున్రు. కొత్తోనికి గౌరవం ఇస్తున్రు అనుకున్న."

సువార్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, ఏడుపుకో ఆమెకే తెలియదు.

"ఇంటికి తెచ్చినంక వారానికి ఎవరో మేబెల్‌కు చెప్పిన్రు. ఇంకేమున్నది! కోసుకుందామంటే చెయ్యి రాదు. వాపస్ ఇద్దామంటే మొఖం లేదు. హాల్ల అట్లనే ఉండె, మురిగిపోయేదాంక. పాట ఆగిపాయె, సప్పట్లు ఆగిపాయె. కాయ నా ఇంట్లున్నది కని, నా పేరు మాత్రం పోయింది బ్రదర్. దేవసహాయం అన్నోడు లేడు. గుమ్మడికాయ తీసుకెళ్ళినోడే ఉన్నడు. ఇప్పుడు ఇగ, కొమ్ములు సుత వచ్చినయ్."

ఆఖరి మాటకు ఆయనే నవ్వబోయాడు. కుదరలేదు.

జీవరాజు లేచి నిలబడ్డాడు. నిన్నటి నుంచి దాచుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది.

"నేను చూశానండీ. మీరు గేటు దాటేదాకా చూస్తూనే ఉన్నాను. వేలం సుత్తి నా చేతిలోనే ఉంది. ఒక్క కేక వేస్తే ఆగేవారు. పాటగాణ్ణి, చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. మీరు వెళ్ళాక అందరూ నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. పైపెచ్చు ఇంటికొచ్చి పిల్లకు కథ చేసి చెప్పాను. దానికేం తెలుసు, రాక్షసుణ్ణి చేసి కూర్చుంది. నిన్న మేబెల్ గారు లేచి వెళ్ళిపోయారని తెలిశాక నాకు మింగుడు పడలేదు. తీసెయ్యమన్నది జూదమని కాదు. మీ మొహం చూడలేక."

అంత గట్టిగా మాట్లాడే మనిషి ఆ చివరి మాట దగ్గర తడబడ్డాడు.

దేవసహాయం చెయ్యి చాపి, జీవరాజు కండువా కొస పట్టుకుని కిందికి లాగాడు. "కూసోండ్రి బ్రదర్. టీ చల్లగైనట్టున్నది. నాకు సుత పొయ్యమనుండ్రి, ఇద్దరం తాగుదం."

మూడో టీ వచ్చింది. దాన్ని జీవరాజు తాగాడు. సువార్త గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, "స్తోత్రం," అనుకుంది.

కృప అప్పటికి తెర మీదికి వంగిపోయింది. కొమ్ములు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. ఎర్రటి కళ్ళు మామూలు కళ్ళవుతున్నాయి. ఆమె చేతులు ఆగాయి.

"అంకుల్, మీ మాట నేను వాడుకోవచ్చా? పేరు పోయిందన్నారే, ఆ మాట."

"మాటదేమున్నది, వాడుకో."

"ఈ బొమ్మ కూడా తీసేస్తాను."

"వద్దు వద్దు. గొడుగు ఉండనియ్యి. కొమ్ములొక్కటి తీసెయ్యి, సాలు."

కృప రామ్మోహనరావుకు ఫోను చేసింది. మాటలు ఒకదాని మీద ఒకటి తోసుకొచ్చాయి.

"సార్, ఎందుకిస్తాడన్నారు కదా? ఆట మొదట్లో ఆటగాడు తన పేరు రాసుకుంటాడు. తిరిగి ఇచ్చినప్పుడల్లా గుట్టమీద పాటగాడు ఆ పేరు పెట్టి కేకవేస్తాడు. అది ఊరూరా వినబడుతుంది. ఇవ్వకుండా దాచుకుంటే కేక ఆగిపోతుంది. పేరులో అక్షరాలు ఒక్కొక్కటే చెరిగిపోతాయి. దుకాణంవాడు 'ఎవరు నువ్వు' అంటాడు. వెంట ఉన్న స్నేహితులూ 'ఎవరు నువ్వు' అంటారు. చేతినిండా కత్తులుంటాయి, పిలిచేవాడు ఉండడు. అందుకని ఇస్తాడు సార్."

"మరి ఆ రాక్షసుడు?"

"రాక్షసుడు కాదు సార్. ఆనవాయితీ తెలియని మనిషి. ఎవరూ చెప్పలేదు ఆయనకు. ఆఖర్న ఆయన్ని చంపక్కర్లేదు. మనం వెళ్ళి, పోయిన పేరు ఏమిటో కనుక్కుని, ఆ పేరుతో పిలవాలి."

"ఉండు, వాళ్ళకు చెప్త," అని ఫోను పెట్టేశాడు రామ్మోహనరావు.

భోజనాలయ్యాయి. సువార్త వద్దంటున్నా వినకుండా దేవసహాయానికి రెండోసారి పప్పుచారు పోసింది. కమిటీ సంగతి తను చూసుకుంటానన్నాడాయన. "జూదంల గెలిచినోడు ఏనాడన్న వాపస్ ఇచ్చిండా? గదే అడుగుత వాళ్ళను," అన్నాడు. జీవరాజు నిన్నటి నుంచి మొదటిసారి పెద్దగా నవ్వాడు. పక్కింటి కుక్క మొరిగింది.

జల్లు వెలిసి ఎండ పలచగా వచ్చింది. పొద్దు వాలుతుండగా ఫోను మోగింది.

"ఎడారి పాయెనమ్మా! ఒంటెలను ఇంటికి తోలినం!" రామ్మోహనరావు కేకకు ఫోను చెవికి దూరంగా పెట్టుకోవలసి వచ్చింది. "ఆ పేరు చెరిగిపోయే ముచ్చట చెప్పంగనే ఆడ కూసున్న పెద్దామె, నా పేరే గట్ల పోతే నేను ఏదైనా ఇచ్చేస్త అన్నది. సోమవారం షురూ చేస్తున్నం. నువ్వే చూసుకోవాలె మొత్తం."

కృప తల్లిని పట్టుకుని గిర్రున తిప్పింది. సువార్త "నేను ప్రార్థన పెట్టించబట్టే," అంటూ తిరిగింది. ఈసారి ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పలేదు. నిన్నటి నుంచి ఇంట్లో బిగుసుకున్న గాలి ఒక్కసారిగా వదులైంది. కృపకు ఏడవాలనిపించింది, ఆకలి కూడా వేసింది.

దేవసహాయం చెప్పులు వేసుకున్నాడు. కానుకలన్నీ ఈ సాయంత్రమే చర్చికి చేర్చి, పీఠం చుట్టూ సర్దాలి.

"మీరు ఎలాగూ అటే కదా," అన్నాడు జీవరాజు, గుమ్మడికాయను రెండు చేతులతో ఎత్తి. "దీన్ని మీరు తీసుకెళ్తారా?"

ఆ కాయ ఆయన చేతుల్లో నుంచి ఈయన చేతుల్లోకి మారింది. దేవసహాయం దాన్ని స్కూటరు మీద కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. మబ్బు మళ్ళీ పడుతోందని సువార్త పరుగున వెళ్ళి తన నల్లగొడుగు తెచ్చి ఇచ్చింది. ఆయన ఒక్క క్షణం దాన్ని చూసి, చంకలో పెట్టుకున్నాడు.

స్కూటరు బయలుదేరింది. ముగ్గురూ గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు. వీధి చివర చర్చికి ఎడమవైపు తిరగాలి. కుడివైపు వెళితే దేవసహాయం ఇల్లు.

స్కూటరు కుడివైపు తిరిగింది.

"అయ్యో, అటెక్కడికండీ!" అంది సువార్త. "మేబెల్ గారికి చూపించడానికేమో?"

"ఏమో," అంది కృప.

ఈసారి జీవరాజు చూస్తూ ఊరుకోలేదు, అప్పటికే వీధి మధ్యకు వెళ్ళాడు. భుజం మీది కండువా తీసి తలకు చుట్టుకున్నాడు. చెయ్యెత్తాడు.

"దేవసహాయం గారూ! ఒకటోసారీ!"

వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. స్కూటరు పోతూనే ఉంది.

"దేవసహాయం గారూ! రెండోసారీ!"

దూరాన స్కూటరు వెనక ఎర్రదీపం వెలిగింది. బండి ఆగింది. చంకలో గొడుగుతో ఆ మనిషి నెమ్మదిగా వెనక్కి తిరిగి చూశాడు.

మూడోసారి అంటే పాట ముగిసిపోతుంది. అందుకు పీల్చిన ఊపిరిని జీవరాజు గుండెల్లోనే బిగపట్టుకుని నిలబడ్డాడు.